వైరింగ్ పని బాకీలు: ఉమ్రి ప్రాంత ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్లకు వసూలు మార్గాలు

నాందేడ్ జిల్లా ఉమ్రి పట్టణం ముద్‌ఖేడ్ నుండి ధర్మాబాద్, బాసర మీదుగా నిజామాబాద్ వెళ్లే రైలు మార్గంపై ఉన్నది. ఇక్కడి వైరింగ్ కాంట్రాక్టరుకు ఒక ఇల్లు మహారాష్ట్రలో, మరొక ఇల్లు తెలంగాణలో పని దొరకవచ్చు. వైరు, పైపులు, స్విచ్‌లు దుకాణంలో ఉద్దెరకు తెచ్చి, హెల్పర్లకు వారం వారం కూలి చెల్లించి, తన సొమ్ము కొరకు మాత్రం ఇంటి యజమాని పత్తి, సోయా అమ్ముడుపోయే వరకు ఎదురుచూడవలసి వస్తుంది. బాకీ నిలిచిపోతే మొదట ఇబ్బంది పడేది అతని కుటుంబమే.

తగాదాలలో ఎక్కువ భాగం పాయింట్ల లెక్క వద్దనే పుడతాయి. మాట్లాడుకున్నది ముప్పై పాయింట్లకు. గోడలు గాడి కొట్టే సమయంలో వంటింటికి ఒకటి, పశువుల కొట్టానికి రెండు అదనంగా చేరుతాయి. చివరికి వాటికి ధర లేదని యజమాని అంటాడు. కాబట్టి పాయింటు ధర, సరుకు ఎవరిది, అదనపు పనికి ఎంత అన్నది మరాఠీలోనో తెలుగులోనో ఒక కాగితంపై వ్రాసి, ఇరువురూ సంతకం చేయాలి. కట్టించేది తండ్రి, డబ్బు పంపేది పూణేలోనో హైదరాబాదులోనో ఉన్న కొడుకు అయినచోట ఇద్దరి సంతకాలూ ఉండటం మేలు. స్లాబు పైపులకు కొంత, వైరు లాగినప్పుడు కొంత, ఫిట్టింగ్‌కు ముందు కొంత చొప్పున తీసుకుంటే చివరికి మిగిలే బాకీ చిన్నదవుతుంది. కొత్త కనెక్షన్‌కు కావలసిన టెస్ట్ రిపోర్టు ఆఖరి వాయిదాతో పాటు ఇవ్వబడునని ముందే వ్రాసుకోవచ్చు.

బాకీ ఇవ్వలేదని రాత్రివేళ వెళ్లి వైర్లు కోయడం, మీటరు వద్ద ఫ్యూజు తీయడం కూడదు. రావలసిన సొమ్ము న్యాయమైనదే అయినా కేసు కాంట్రాక్టరు మీదికే తిరుగుతుంది.

కాలపరిమితిని మరువరాదు. 1963 నాటి పరిమితి చట్టం ప్రకారం చేసిన పనికి సొమ్ము కోరే దావా, చెల్లింపు గడువు వేరుగా లేనప్పుడు, పని పూర్తయిన నాటి నుండి 3 సంవత్సరాలలో వేయాలి. ఆ గడువు ముగియకముందే బాకీదారు "ఇంత ఇవ్వవలసి ఉన్నది" అని వ్రాసి సంతకం చేస్తే, ఆ తేదీ నుండి మరల 3 సంవత్సరాలు లెక్కకు వస్తాయి. పంట దెబ్బతిని నిజంగా ఇవ్వలేని రైతు వద్ద ఇటువంటి చీటీ తీసుకొని గడువు ఇవ్వడమే ఉభయులకూ మంచిది. నోటిమాట వాయిదాలు ఎన్ని ఇచ్చినా ఈ ప్రయోజనం కలుగదు.

చెక్కు చెల్లక తిరిగివస్తే ఆ సమాచారం బ్యాంకు నుండి అందిన 30 రోజులలో వ్రాతపూర్వక నోటీసు పంపాలి. నోటీసు అందిన 15 రోజులలో సొమ్ము రాకపోతే, ఆపై ఒక నెలలో మేజిస్ట్రేటు కోర్టులో ఫిర్యాదు చేయవచ్చు. 2015 సవరణ సరిహద్దు వారికి ఎంతో మేలు చేసినది. చెక్కును తన ఖాతాలో జమకు వేసినవాడు, ఆ ఖాతా గల శాఖ ఉన్న ప్రాంతపు కోర్టులోనే కేసు వేయవచ్చు. బాకీదారు బాసర వాడైనా ఖాతా ఉమ్రిలో ఉంటే తెలంగాణ కోర్టుకు పోనక్కరలేదు.

చిన్న మొత్తాలకు లోక్ అదాలత్ అనువైనది. అక్కడి రాజీ అవార్డుకు సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన బలం ఉంటుంది, దానిపై అప్పీలు ఉండదు. పంచాయతీ వంటి కార్యాలయాల పని అయితే, బిల్లు ఏ దశలో ఆగినదో సమాచార హక్కు చట్టం క్రింద అడగవచ్చు. జవాబుకు సాధారణ గడువు 30 రోజులు.

ఉద్యమ్ నమోదు గల చిన్న కాంట్రాక్టర్లకు 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టం ఒక దారి. ఒప్పందం ఉన్నా 45 రోజులకు మించి చెల్లింపు ఆపరాదు. ఆలస్యానికి రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకు 3 రెట్లు చక్రవడ్డీ. అయితే సరుకు, కూలి కలిసిన పని ఒప్పందాలకు ఈ చట్టం వర్తించదని బొంబాయి హైకోర్టు కొన్ని తీర్పులలో చెప్పినందున, వకీలును అడిగిన తరువాతనే ఆ దారి పట్టాలి.

సివిల్ దావాను బాకీదారు నివసించే చోటగాని, పని జరిగిన చోటగాని వేయవచ్చు. ఉమ్రి వైపు డిక్రీ లభించి, బాకీదారు ఆస్తి నిర్మల్ జిల్లాలో ఉంటే, డిక్రీని అమలు కొరకు అక్కడి కోర్టుకు బదిలీ చేయమని కోరవచ్చు. అమలుకు గడువు 12 సంవత్సరాలు.