జీతము – బత్తెము

"జీతబత్తెములు" అని ఒక్క ఊపిరిలో అంటాం. ద్వంద్వ సమాసం, రెండు పదాలకూ సమాన గౌరవం. ఇచ్చేవాడి లెక్క వేరు: జీతం ఒప్పందం, బత్తెం అనుగ్రహం. పుచ్చుకొనేవాడికి మాత్రం రెండూ కలిస్తేనే ఇల్లు గడుస్తుంది.

మా అబ్బాయి పనిచేసే కంపెనీలో భోజనపు కూపన్లు, బీమా, ప్రయాణపు ఖర్చులలో కావలసినవి ఏరుకోమన్నారట. నాకు మరో కంపెనీ స్ఫురించింది, ఈస్టిండియా కంపెనీ.

దాని సైన్యంలో దండయాత్రకు వెళ్ళిన అధికారులకు జీతం మీద బత్తా ఇచ్చేవారు. (కన్నడంలో భత్త అంటే వడ్లు, ఈ మాట అక్కడిదేనని ఒక వాదం.) 1757లో ప్లాసీ యుద్ధం తరువాత మీర్ జాఫర్ దానిని రెట్టింపు చేశాడు. పరాయి సొమ్ము కనుక కంపెనీ అభ్యంతరం చెప్పలేదు. ఆ భారం తన నెత్తిన పడ్డాక, 1766 జనవరి నుండి క్లైవు దానిని రద్దు చేశాడు. అధికారులు మూకుమ్మడి రాజీనామాలకు కుట్ర పన్నారు. ఏళ్ళ తరబడి అందినదానిని వారు అదనమని తలచలేదు; జీతంలో కోతగానే భావించారు. క్లైవు మద్రాసు నుండి అధికారులను రప్పించి ఆ తిరుగుబాటును అణచాడు. అప్పుడు ఆయన పక్షాన నిలిచినవారు నల్ల సిపాయిలే!

ఆ సిపాయిలకు ఒరిగినదేమిటి? పదాతి సిపాయి నెల జీతం 7 రూపాయలు, తిండి అందులోనే. పరదేశానికి వెళితే అదనంగా బత్తా. 1843లో సింధును కలుపుకున్నారు. అది ఇక కంపెనీ రాజ్యమే గనుక పరదేశపు బత్తా చెల్లదన్నారు. కాగితం మీద సరిహద్దు జరిగింది. సిపాయి ఇంటికీ సింధుకూ నడుమ దూరం ఒక్క ఆమడ కూడా తగ్గలేదు. 1844లో బెంగాలు 34వ పటాలం కదలనన్నది. దానిని రద్దు చేశారు.

బత్తాకు వెల కట్టినది ఎవరన్నదే ఇక్కడ అసలు తగవు. మేము ఉపాధ్యాయులం ఆర్జిత సెలవును సర్కారుకు సరెండరు చేసి డబ్బు పుచ్చుకొనేవాళ్ళం; సెలవా, సొమ్మా అన్నది మా ఇష్టం. సిపాయికి ఆ ఎంపిక లేదు.

1850లో పంజాబులో మళ్ళీ ఇదే గొడవ. ఈసారి తిండిగింజల ధరలు పెరిగినప్పుడిచ్చే పరిహారం, అనగా మన కరవు భత్యానికి తాత వంటిది. కొత్త నిబంధన వల్ల సిపాయిలకు నష్టమని సేనాధిపతి చార్లెస్ నేపియర్ దానిని తానే నిలిపివేశాడు. గవర్నరు జనరలు డల్హౌసీ మందలించాడు. నేపియర్ రాజీనామా చేసి వెళ్ళిపోయాడు.