పసుపు కుంకుమల పొలం

మన దేశంలో రచయిత కన్నుమూశాక 60 ఏళ్లదాకా ఆ రచనకి తాళమే. పూర్వం 50 ఏళ్లే. 1991 ఆఖరున రవీంద్రుడి రచనలకి గడువు తీరబోతుంటే మరో 10 ఏళ్లు పొడిగించారు. ఆయన పుస్తకాలకి అచ్చువేసేవాళ్లున్నారు, సరే. అచ్చులో లేని నా నవలల్ని అన్నేళ్లూ చెదలే చదవాలా?

అమెరికాలో లారెన్స్ లెసిగ్, మిత్రులూ 2001లో 'క్రియేటివ్ కామన్స్' సంస్థ పెట్టి, మరుసటేడు డిసెంబరులో అనుమతి పత్రాలు తెచ్చారు. హక్కు రచయితదే, పంచుకోండని లోకానికి ముందే రాసిచ్చేస్తాం. మన పేరు చెప్పాలి. అమ్ముకోకూడదనో, మార్చకూడదనో షరతు మనిష్టం. కానీ పసుపు కుంకుమల కింద ఆడపిల్లకిచ్చిన పొలంలాగే, ఇచ్చాక వెనక్కి పుచ్చుకోలేం సుమండీ! రెండు నవలలకి రాసిచ్చాను, అమ్ముకోకూడదన్న షరతుతో. అనువాదాలు చేసుకోవచ్చు. ఆ షరతుంటే వికీపీడియా వాళ్లు పుచ్చుకోరు. పోనీండి.