తపతీతీరమున దారిచూపినవారు

తెలుగింట సూరతు నగరము పేరు భూగోళ పాఠము కంటె ముందుగా పెండ్లిచీర అంచు మీదనే వినబడును. గద్వాల చీర కాని, ధర్మవరపు పట్టు కాని చేతికి వచ్చినపుడు, కొంగు మీది జరీని వ్రేళ్లతో తడవి, ఇది సూరతు జరీయేనా యని అడుగని ఇల్లాలు మనలో అరుదు. వెండిని సన్నని కన్నముల గుండ ఈడ్చి ఈడ్చి వెంట్రుక వంటి తీగ చేసి, ఆ తీగను సాగగొట్టి, పట్టునూలుకు చుట్టి, దానికి బంగారు నీరు పట్టించు విద్య తపతీనదీ తీరమున తరతరములుగా నిలిచియున్నది. ఆ అంచు పట్టుకొని ఆ ఊరు చూడవలెనను కోరిక నాకు చిరకాలముగా నుండి, ఇటీవలనే తీరినది.

గుంపుతో గూడి బస్సులో తిరుగుటకు మనసొప్పక, ఒక దినమునకు ఒక మనిషిని నాకొరకే కుదుర్చుకొంటిని. అతడు లింబాయత్ పేటలో పుట్టి పెరిగిన తెలుగు నేతగాని కొడుకు. అతని తండ్రి ఓరుగల్లు ప్రాంతము నుండి బ్రతుకుతెరువు వెదకికొనుచు వచ్చినవాడు. గుజరాతీ, మరాఠీ, హిందీ మూడును తల్లిభాషతో సమముగ మాటలాడును; తెలుగు చదువు ఆ నగర పురపాలక సంఘము నడపు తెలుగు బడిలోనే నేర్చినాడు. ఆ సంఘము వారు ఏడు భాషలలో ప్రాథమిక విద్య చెప్పించుచున్నారనియు, అందు తెలుగును ఒకటి యనియు ఇచటి మనవారిలో ఎందరు ఎరుగుదురో నాకు తెలియదు. అతని వెంట నడచుచున్నంతసేపు నా మనసున ఒక్క తలపు మెదలుచుండెను. పరాయి ఊరు వచ్చినవానికి కన్నులున్నను చూపుండదు. ఆ చూపును మరియొకడు అరువీయవలెను. సూరతు మహానగరము నాలుగు వందల యేండ్లకు పైగా ఇట్టి అరువుచూపుల మీదనే వర్తకము నడపినది.

మా నడక తపతి ఒడ్డున నున్న కోటతో మొదలైనది. ఈ నది మనకు అపరిచిత కాదు. సూర్యుని కూతురైన తపతిని సంవరణుడు వరించిన కథను భారతము ఆదిపర్వమున చదివినాము. ఆ కథనే అద్దంకి గంగాధరకవి ప్రబంధముగా విస్తరించి గోలకొండ ఏలిక ఇబ్రహీం కుతుబ్ షాకు అంకితమిచ్చినాడు. ఆ ప్రభువు గోలకొండలో ఏలుచున్న కాలమునకు ఈ కోట క్రొత్తది. పోర్చుగీసులు 1512లో ఒకసారి, 1530లో మరియొకసారి పట్టణమును తగులబెట్టగా, గుజరాతు సుల్తాను మూడవ మహమూదు కాలమున ఖుదావంద్ ఖాన్ దీనిని కట్టించి 1546 నాటికి ముగించెను. 1573లో అక్బరు స్వయముగా ముట్టడించి దీనిని గైకొన్న తరువాత, మొగలాయీ సామ్రాజ్యమునకు సూరతు సముద్రద్వారమైనది. ఇప్పుడు పురపాలక సంఘము దీనిని చక్కపెట్టి ప్రదర్శనశాలగా మార్చినది.

కోటగోడ మీద నిలిచి చూచినచో నది విశాలముగా కనబడును గాని, సముద్రము కనబడదు. సూరతు రహస్యమంతయు ఇందే యున్నది. నదిలో ఇసుక మేటలు వేయుటచే పెద్ద నావలు పట్టణము దాక రాజాలక, సువాలి రేవున లంగరు దించెడివి. అచటి నుండి సుమారు 12 మైళ్ళు సరకులు ఎడ్లబండ్ల మీదను చిన్న పడవల మీదను రావలెను. వచ్చినంతనే కోట చెంత ‘ఫుర్జా’ యని పిలువబడు సుంకపుసాల. అచట మూటలే గాక మనుషుల దుస్తులను సైతము తడవి చూచుట. పిమ్మట నాణెముల మారకము, బస, బండి, గిడ్డంగి, రాజోద్యోగుల దర్శనము. భాష రాని పరదేశి ఇన్ని గడపలను ఒంటరిగా దాటగలడా? 1608లో హెక్టర్ అను నావ మీద ఆంగ్లేయుడు విలియం హాకిన్సు వచ్చినపుడు గాని, 1612లో సువాలి కడ పోర్చుగీసులతో పోరి గెలిచిన థామస్ బెస్టు బలముతో మరుసటి యేట ఆంగ్లేయులు వర్తకపు కోఠీ తెరచినపుడు గాని, 1616లో డచ్చివారు దిగినపుడు గాని, వారి చేయిపట్టి నడిపించినవారు ఈ ఊరి దలాలులు.

దలాలి యనగా కేవలము బేరము కుదిర్చి రుసుము పుచ్చుకొనువాడని నేడు మనము తేలికగా తలచుచున్నాము. ఆనాటి దలాలి అంతకు మించినవాడు. ఏ ఊరి నేతవారు ఏ మేలు బట్ట నేయుదురో, ఎవరికి బయానా ఇచ్చిన సరకు చేతికి వచ్చునో, ఏ అధికారికి ఏ కానుక తగునో, ఏ మాసమున గాలి తిరుగునో అన్నియు అతడు ఎరుగును. దక్కనులోని వజ్రపు గనుల కడ వర్తకులు ఎదురెదురుగా కూర్చుండి, వస్త్రము మాటున ఒకరి చేయి మరియొకరు పట్టుకొని, నోట మాట లేకయే వ్రేళ్ల సైగలతో వెల తేల్చుకొను తీరును ఫ్రెంచి యాత్రికుడు టావెర్నియే వర్ణించినాడు. అట్టి గూఢవిద్యలో ఆరితేరినవారే రేవుపట్టణముల దలాలులు. ఆంగ్లేయుల దలాలియైన భీమ్‌జీ పారేఖ్ తన ధర్మగ్రంథములను అచ్చు వేయించు కోరికతో సీమ నుండి ముద్రణయంత్రమును తెప్పింపగా, అచ్చుపనివాడు ఒకడు 1674లో బొంబాయి చేరెను. పారసీకుడైన రుస్తుం మానెక్ మరియొక ప్రసిద్ధ దలాలి. మన మచిలీపట్టణమున ఇదే పని చేసినవారిని దుబాసీలనిరి. ఆంగ్లేయులు బందరు రేవున కాలు మోపినది 1611లో, అనగా సూరతు కోఠీకి రెండేండ్ల ముందే. ఒకటి తూర్పు కడలికి, ఒకటి పడమటి కడలికి ద్వారములై, రెండు రేవులును తెలిసినవాని నాలుక మీదనే బ్రతికినవి.

ఈ రెండు తీరముల నడుమ ఒక బాట యుండెను. సూరతు నుండి బయలుదేరి ఔరంగాబాదు మీదుగా గోలకొండ చేరు ఆ మార్గమున టావెర్నియే నడచినాడు; 1666లో మరియొక ఫ్రెంచి యాత్రికుడు తెవెనో నడచినాడు. ఆ దారిని పోయినది బంగారము, వెండి. తిరిగి వచ్చినది మన కృష్ణానది ఒడ్డున కొల్లూరు గనులలో దొరకిన వజ్రము. నేడు కొల్లూరు పులిచింతల జలాశయపు నీటిలో మునిగియున్నది. కాని వజ్రమునకును సూరతునకును గల బంధము మాత్రము తెగలేదు. ఆఫ్రికా, రష్యా గనుల రాళ్లు ఇచ్చటికి వచ్చి, సౌరాష్ట్రము నుండి వలసవచ్చిన పనివారి చేతులలో పట్టెలు తీరి, లోకమంతటికి పోవుచున్నవి. 2023 డిసెంబరులో ఖజోద్ వద్ద బ్రహ్మాండమైన వజ్రవర్తక భవనము ప్రారంభమైనది. అయినను మహీధరపురా వీధిలో నిలుచుండి, మడచిన కాగితపు పొట్లము విప్పి రాళ్లను వెలుతురున కెత్తి చూపు దలాలులను మావాడు చూపించినపుడు, టావెర్నియే కాలము ఇంకను గడవలేదేమో యనిపించినది.

అచటి నుండి మొగల్ సరాయికి పోతిమి. 1644లో, షాజహాను ఏలుబడిలో, హకీకత్ ఖాను కట్టించిన సత్రమిది. మక్కాయాత్ర చేయువారు దేశము నలుమూలల నుండి వచ్చి ఇచట ఓడకై వేచియుండెడివారు. అందుచే సూరతునకు మక్కాద్వారమను పేరు వచ్చెను. ఆ సత్రమే నేడు నగరపాలక కార్యాలయము. దాని వాకిట నిలిచినపుడు నాకొక తెలుగు పేరు స్మరణకు వచ్చినది. 1994 సెప్టెంబరులో వరదల పిమ్మట కుళ్లిన చెత్త నడుమ ప్లేగు భయము పుట్టి, లక్షలాది జనులు కట్టుబట్టలతో ఊరు విడిచి పారిపోయిరి. మరుసటి యేట పురపాలక కమిషనరుగా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు, అధికారులు ప్రాతఃకాలమున కార్యాలయములు విడిచి వీధులలో తిరుగవలెనని నియమించి, తాను ముందు నడచి, రెండేండ్లు తిరుగక మునుపే ఆ ఊరిని దేశమున మిక్కిలి శుభ్రమైన నగరములలో ఒకటిగా నిలిపినాడు. 1998లో ఆయనకు పద్మశ్రీ లభించినది. వీధి నడచి చూడనివాడు వీధిని పాలింపలేడను నిజమును ఆయన ఆచరణలో చూపినాడు.

మధ్యాహ్నము దాటిన పిదప కతార్‌గాం ద్వారము వైపునున్న పరదేశుల శ్మశానములను చూచితిమి. జీవితమున ఇంత వైభవముగల సమాధులను నేనెన్నడును చూచియుండలేదు. 1659లో మరణించిన క్రిస్టఫర్ ఆక్సెండెను, 1669లో మరణించిన జార్జి ఆక్సెండెను అను అన్నదమ్ములకు ఆంగ్లేయులు నవాబుల గోరీలను తలదన్నునట్లు గుమ్మటములెత్తిరి. 1664 జనవరిలో శివాజీ సేనలు పట్టణమును కొల్లగొట్టిన ఐదు దినములలో మొగలు అధికారి కోటలో దాగియుండగా, కోఠీని కాపాడినవాడు ఈ జార్జియే. ఆ కొల్లలో, ఆంగ్లేయులకు సైతము అప్పులిచ్చిన కోటీశ్వరుడు వీర్జీ వోరా భవనము నేలమట్టమైనది. నేడు చూపుటకు దాని గోడయైనను లేదు.

ప్రక్కనే డచ్చివారి శ్మశానమున 1691లో కన్నుమూసిన వాన్ రీడు సమాధి. మలబారు ఓషధులను గూర్చి 1678 మొదలు 1693 వరకు ఆమ్‌స్టర్‌డామున 12 సంపుటములుగా వెలువడిన ‘హోర్తుస్ మలబారికుస్’ అను మహాగ్రంథమునకు కర్త ఇతడు. ఆ చెట్ల పేర్లు, గుణములు అతనికెట్లు తెలిసినవి? ఇట్టి అచ్యుతన్ అను కేరళ వైద్యుడు తన ఇంట తరతరములుగా దాచిన విద్యను విప్పి చెప్పగా, ముగ్గురు కొంకణీ వైద్యులు తోడుపడగా తెలిసినవి. వాన్ రీడు ధర్మాత్ముడు. ఆ వైద్యుల వాంగ్మూలములను మొదటి సంపుటముననే అచ్చువేయించినాడు. అట్లు చేయుటవలన ఇట్టి అచ్యుతన్ పేరు మనకు మిగిలినది. కాని ఎందరు దొరలు అట్లు చేసిరి? దారి నడచినవానికి గుమ్మటము లేచినది. దారి చూపినవాని పేరు చాలచోట్ల లెక్కపుస్తకపు అంచున ఒక అక్షరదోషమై మిగిలినది, లేదా అదియు మిగులలేదు. అచటి నీడలో నిలిచినంతసేపు నన్ను బాధించినది ఈ విషయమే.

తరువాతి కథ సంగ్రహముగా చెప్పవచ్చును. 1687లో ఆంగ్లేయులు తమ ప్రధాన స్థానమును బొంబాయికి మార్చుకొనిరి. 1759లో కోటను, 1800లో పరిపాలనమంతటిని చేజిక్కించుకొనిరి. 1837 ఏప్రిలులో అగ్ని, అదే యేట తపతి వరద పట్టణమును కబళించినవి. రేవు పోయినను నేత పోలేదు. ఆ నేతయే ఇరువదవ శతాబ్దమున మరమగ్గముగా మారి, లక్షల సంఖ్యకు పెరిగి, సూరతును మరల నిలిపినది. ఆ మగ్గముల పిలుపే మనవారిని ఇచటికి రప్పించినది.

సాయంకాలమునకు లింబాయత్ చేరితిమి. దుకాణముల మీద తెలుగు అక్షరములు కనబడినవి. మరమగ్గమును మన సిరిసిల్లలో వలె ఇచటను సాంచా యని పిలుతురు. ఇరుకైన రేకులషెడ్డులలో వందల సాంచాలు ఒక్కసారిగా కొట్టుకొను ధ్వని పాదముల క్రింది నేలను సైతము కదిలించుచుండెను. కరువు, అప్పు, చేమగ్గమునకు గిరాకి లేమి, ఓరుగల్లున 1934లో వెలసిన ఆజంజాహి మిల్లు క్రమముగా క్షీణించి మూతపడుట, ఇవన్నియు తెలంగాణపు పద్మశాలీలను షోలాపురమునకు, భివండికి, సూరతునకు తరిమినవి. తామరతూటి దారముతో దేవతలకు వస్త్రము నేసిన భావనాఋషి సంతతివారమని చెప్పుకొను ఆ కులము వారు, పన్నెండేసి గంటలు సాంచాల నడుమ నిలుచుండి నేసిన చీరలే మరల మన హైదరాబాదు, బెజవాడ అంగళ్ల కెక్కుచున్నవి. ఆశ్వయుజమున ఈ వీధులలోనే ఆడపడుచులు బతుకమ్మ నాడుదురు. 2017లో ఓరుగల్లు వద్ద కాకతీయ వస్త్రపరిశ్రమల పార్కునకు పునాది వేసినపుడు, సూరతు వలస నేతన్నలను ఇంటికి పిలుతుమని పాలకులు ప్రకటించిరి. ఆ పిలుపు ఎందరిని తిరిగి తెచ్చునో కాలము చెప్పవలెను. ఇచట పుట్టిన బిడ్డలకు మాత్రము ఇదియే ఊరు.

మావాని తండ్రి పనిచేసిన షెడ్డు ముందు ఆగినపుడు, ఆ పెద్ద ఇచటికి ఎట్లు వచ్చెనని అడిగితిని.

“మా నాయిన వచ్చిన కొత్తల గుజరాతీ ఒక్క ముక్క రాదు సార్. ఉధ్నా టేషన్ల దిగి యాడికి పోవాల్నో ఎరుకలేక నిలవడ్డడట. మా ఊరి దిక్కు పెద్దమనిషి ఒకాయన అందరికంటె ముందు వచ్చి ఉండె. ఆయననే చెయ్యి పట్టుకొని తోల్కపొయ్యి, గదిల జాగ ఇచ్చి, సాంచా మీద నిలవెట్టిండు. మా ఊరోళ్లు ఎవ్వరు రైలు దిగినా ఆయననే పోయి తెచ్చేటోడు.”

ఇన్ని సమాధుల నడుమ లభింపనిది ఇచట దొరకినదని నా మనసు ఆశపడినది. ఆ పెద్దమనిషి పేరేమని అడిగితిని.

అతడు కొంతసేపు తలచుకొని, “అసలు పేరు నాకు ఎరుకలేదు సార్. అందరు మామ అనేటోళ్లు” అనెను.

ఆ రాత్రి తిరుగు రైలులో, కొనివచ్చిన జరీచుట్టను విప్పి చూచుకొంటిని. పైన మెరయునది పూతయే. దానిని మోయునది లోపలి పట్టుపోగు. అది బయటికి కనబడదు, కాని అది తెగినచో ఆ మెరుపు నిలుచుటకు చోటుండదు.