పువ్వులకన్నా ముందు మందుసీసాలు

మే నెల రెండో ఆదివారం చాలా తెలుగు చర్చీల్లో ఆరాధన తీరు కాస్త మారుతుంది. పాటలూ ప్రార్థనలూ స్త్రీలు నడిపిస్తారు. సామెతల గ్రంథం చివరి అధ్యాయం చదువుతారు. సండే స్కూలు పిల్లలు వరసగా వచ్చి తల్లుల చేతిలో తలా ఒక పువ్వు పెడతారు. ఈ ఆనవాయితీ అమెరికాలోని వెస్ట్ వర్జీనియా కొండల నడుమ ఉన్న గ్రాఫ్టన్ అనే రైల్వే ఊళ్లో పుట్టింది. దాని మూలం వెతుక్కుంటూ ఇంకా వెనక్కి వెళ్తే మాత్రం పూలు కనబడవు, పసిబిడ్డల సమాధులు కనబడతాయి.

ఆన్ రీవ్స్ ఒక మెథడిస్టు పాస్టరు కూతురు. 1832లో పుట్టింది. గ్రాన్విల్ జార్విస్‌ను పెళ్లాడి, గ్రాఫ్టన్‌కు దగ్గర్లోని వెబ్‌స్టర్‌లో కాపురం పెట్టింది. ఆమెకు పదిమందికి పైగా పిల్లలు పుట్టారు. పెరిగి పెద్దవాళ్లయింది నలుగురే. తట్టు, టైఫాయిడ్, కంఠసర్పి ఆ కొండ పల్లెల్లో ఏ ఇంటినీ వదల్లేదు. ఆన్ సొంత దుఃఖంతో ఇంట్లో కూర్చోకుండా, 1858లో వెబ్‌స్టర్, గ్రాఫ్టన్ చుట్టుపక్కల అయిదు ఊళ్లలో తల్లుల సంఘాలు పెట్టింది. డాక్టరైన అన్న జేమ్స్ రీవ్స్ ఆ సంఘాల్లో ఆరోగ్య పాఠాలు చెప్పాడు.

ఆ సంఘాలు చేసినవన్నీ చేతి పనులే. మందుల కోసం చందాలు పోగుచేశారు. ఊళ్లో అమ్మే పాలు బాగున్నాయో లేదో చూశారు. మురుగు నిలవకుండా, తాగే నీళ్లు చెడకుండా ఇంటింటికీ వెళ్లి చెప్పారు. క్షయతో మంచం పట్టిన తల్లి ఉంటే, ఆ ఇంటి పనికీ పిల్లలకీ జీతమిచ్చి మరో మనిషిని పెట్టారు.

1861లో అంతర్యుద్ధం మొదలైంది. వెస్ట్ వర్జీనియా సరిహద్దు ప్రాంతం. ఒకే ఊళ్లో ఒక ఇంటి కొడుకు ఉత్తరాది సైన్యంలో ఉంటే పక్కింటి కొడుకు దక్షిణాది సైన్యంలో ఉండేవాడు. ఆన్ తన సంఘాలను ఏ పక్షానికీ చేరనివ్వలేదు. సైనిక శిబిరాల్లో టైఫాయిడ్, తట్టు వ్యాపిస్తే రెండు వైపుల వాళ్లకీ ఈ ఆడవాళ్లే సపర్యలు చేశారు. యుద్ధం ముగిసినా పగలు చల్లారలేదు. 1868లో ప్రుంటీటౌన్ కోర్టు ఆవరణలో ఆన్ ఒక సభ పెట్టి, రెండు సైన్యాల్లో పోరాడిన వాళ్లనీ కుటుంబాలతో సహా పిలిచింది. కొట్లాట జరుగుతుందని భయపడ్డవాళ్లే ఎక్కువ. చివరికి పాత శత్రువులు చేతులు కలిపి ఇళ్లకు వెళ్లారు.

తర్వాత చాలా ఏళ్లు ఆమె గ్రాఫ్టన్‌లోని ఆండ్రూస్ మెథడిస్టు చర్చిలో సండే స్కూలు టీచరు. 1876లో ఒకనాటి పాఠం బైబిలులోని తల్లుల గురించి. మోషేను నదిలో దాచిన యోకెబెదు, సమూయేలును దేవాలయానికి అప్పగించిన హన్నా, తిమోతికి విశ్వాసం నేర్పిన తల్లి యునీకే, అమ్మమ్మ లోయి క్రైస్తవ బోధలో తరచూ వచ్చే పేర్లు. తల్లిదండ్రులను సన్మానించమన్నది పది ఆజ్ఞల్లో ఒకటి. సిలువ మీద ప్రాణం పోతున్న వేళ యేసు తన తల్లిని తాను ప్రేమించిన శిష్యుడికి అప్పగించాడని సువార్త చెబుతుంది. ఇంత ఉన్నా, తల్లి కోసం ఒక రోజంటూ అమెరికా చర్చీల్లో లేదు. ఆ లోటు ఎవరైనా తీర్చాలని ఆన్ పాఠం చివర ప్రార్థించిందట. ఆ తరగతిలో పన్నెండేళ్ల కూతురు అన్నా కూడా ఉంది.

ఆన్ 1905 మే 9న చనిపోయింది. అన్నా అప్పటికి ఫిలడెల్ఫియాలో ఒక ఇన్సూరెన్స్ కంపెనీ ప్రకటనల విభాగంలో పనిచేస్తూ ఉండేది. ఉత్తరం ఎలా రాయాలో, ఒక మాటను దేశమంతా ఎలా తిప్పాలో ఆమెకు బాగా తెలుసు. తల్లి ప్రార్థించిన ఆ రోజు కోసం పాస్టర్లకు, గవర్నర్లకు, పత్రికలకు, వ్యాపారులకు ఉత్తరాల మీద ఉత్తరాలు రాసింది. 1908 మే 10న గ్రాఫ్టన్ చర్చిలో ఆరాధన జరిగింది. 407 మంది వచ్చారు. అన్నా స్వయంగా రాలేదు. ఒక టెలిగ్రాం పంపింది, దాంతో పాటు తల్లికి ఇష్టమైన తెల్ల కార్నేషన్ పూలు 500 పంపింది. ఆ మధ్యాహ్నమే ఫిలడెల్ఫియాలో, జాన్ వానమేకర్ పెద్ద దుకాణంలోని సభామందిరంలో జరిగిన సభలో మాట్లాడింది. వానమేకర్ పెద్ద వ్యాపారి, అంతకు మించి పేరుమోసిన సండే స్కూలు నాయకుడు.

అదే ఏడాది ఈ రోజును గుర్తించాలని సెనేట్‌లో తీర్మానం పెడితే సభ్యులు వేళాకోళం చేసి పక్కన పెట్టారు. 1910లో వెస్ట్ వర్జీనియా ముందుకొచ్చింది. 1914 మే 9న అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ మే రెండో ఆదివారాన్ని తల్లుల జాతీయ దినంగా ప్రకటించాడు.

ఈ విజయంలో ఒక మార్పు జరిగిపోయింది. తల్లి కాలంలో అది తల్లులందరూ కలిసి ఊరికోసం చేసిన పని. కూతురు దాన్ని ప్రతి బిడ్డా తన తల్లిని తలుచుకునే రోజుగా మార్చింది. చందా, మందుసీసా, పాల తనిఖీ తెర వెనక్కి వెళ్లాయి. పువ్వూ ఉత్తరమూ ముందుకొచ్చాయి. ఆ పువ్వును వ్యాపారం పట్టుకోవడానికి ఎక్కువ కాలం పట్టలేదు. మే నెలలో కార్నేషన్ల ధర పెరిగింది. తల్లి బతికి ఉంటే ఎరుపు, లేకపోతే తెలుపు అన్న పద్ధతిని పూల వర్తకులు బాగా ప్రచారం చేశారు. గ్రీటింగ్ కార్డులు, మిఠాయి పెట్టెలు వచ్చి చేరాయి.

అన్నా అందరి మీదా యుద్ధం ప్రకటించింది. 1923లో ఫిలడెల్ఫియాలో మిఠాయి వ్యాపారుల సమావేశంలోకి దూసుకెళ్లింది. 1925లో సైనికుల తల్లుల సంఘం కార్నేషన్లు అమ్మి నిధులు పోగుచేస్తుంటే అడ్డుపడి అరెస్టయింది. 1934లో ప్రభుత్వం వేసిన తపాలా బిళ్ల కూడా ఆమెకు నచ్చలేదు. ఆస్తి కోర్టు ఖర్చులకు కరిగిపోయింది. పెళ్లి చేసుకోలేదు, పిల్లలు లేరు. 1948 నవంబరులో పెన్సిల్వేనియాలోని ఒక శానిటోరియంలో చనిపోయింది. అమెరికన్లు ఈ రోజు కోసం 2023లో పెట్టిన ఖర్చు సుమారు 3,570 కోట్ల డాలర్లని రిటైల్ వర్తకుల సమాఖ్య అంచనా.

ఇంగ్లండుది వేరే దారి. శ్రమల కాలంలో నాలుగో ఆదివారం ‘మదరింగ్ సండే’. పెద్దిళ్లలో పనిచేసే పిల్లలు ఆ రోజు సెలవు తీసుకుని తల్లిని చూడటానికి వెళ్లేవారు. ఇరవయ్యో శతాబ్దం మొదటికి ఆ ఆచారం కొడిగట్టింది. అన్నా జార్విస్ ఉద్యమం గురించి పత్రికలో చదివిన కాన్‌స్టెన్స్ పెన్‌స్విక్ స్మిత్ అనే పాస్టరు కూతురు 1913 నుంచి దాన్ని మళ్లీ వెలిగించింది. అన్నా ఆ పాఠం విన్న 1876లోనే, హాంప్‌షైర్‌లో మేరీ సమ్నర్ ‘మదర్స్ యూనియన్’ స్థాపించింది. ఆంగ్లికన్ మిషన్ల వెంట ఆ సంఘం తెలుగు నేలకూ వచ్చింది. డోర్నకల్ అధ్యక్ష ఖండంలో దాన్ని పెంచినవారిలో బిషప్ వి.ఎస్. అజరయ్య భార్య అన్బు ముఖ్యురాలు.

అయితే వెబ్‌స్టర్ సంఘాల పనికి దగ్గరి పోలిక గుంటూరులో ఉంది. ఫిలడెల్ఫియా పక్కనున్న ఆర్డ్‌మోర్‌లో పుట్టి, ఆ నగరంలోని మహిళా వైద్య కళాశాలలో చదివిన డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో లూథరన్ మిషన్ తరఫున గుంటూరు వచ్చింది. పరదా దాటి మగ డాక్టరు దగ్గరికి రాలేని తల్లుల కోసం, వాళ్ల పసిపిల్లల కోసం 1898లో ఆసుపత్రి తెరిచింది. దానికి అమెరికాలోని లూథరన్ స్త్రీల మిషనరీ సమాజం అండగా నిలిచింది. గ్రాఫ్టన్ చర్చికి తెల్ల కార్నేషన్లు చేరడానికి అప్పటికి ఇంకా పదేళ్లుంది. కుగ్లర్ 1930లో గుంటూరులోనే కన్నుమూసింది. ఆ ఆసుపత్రిని ఊరివాళ్లు ఆమె పేరుతోనే పిలుస్తారు.