గుజ్జనగూళ్లు, లక్కపిడతలు

పిల్లలు చిట్టి పాత్రల్లో వండి వడ్డించుకునే ఆటవంటను గుజ్జనగూళ్లు అంటారు. తెలుగునాట ఇది చాలా పాత ఆట. 15వ శతాబ్దపు పోతన భాగవతంలో రుక్మిణి బాల్యాన్ని వర్ణించే చోట బొమ్మల పెళ్లిళ్ల పక్కనే గుజ్జనగూళ్లూ కనిపిస్తాయి. ఆ కాలపు పాఠకులకు వాటిని ప్రత్యేకంగా వివరించాల్సిన అవసరం కవికి రాలేదు.

ఆటకు కావలసిన సరంజామా పెరట్లోనే దొరికేది. మూడు రాళ్లు పేరిస్తే పొయ్యి, కొబ్బరిచిప్ప పెడితే గిన్నె, ఇసుక పోస్తే బియ్యం, ఆకులు తుంచితే కూర. ఇది ఉత్తుత్తి వంట. నిజం వంట కావాలంటే నిప్పుతో పనిలేనివి ఎంచుకునేవారు. అటుకులు తడిపి బెల్లం తురుము కలపడం, పుట్నాలు, కొబ్బరి దంచి ఉండలు చుట్టడం లాంటివి చిన్నపిల్లలకూ చేతనవుతాయి. కాస్త పెద్ద పిల్లలు పెద్దవాళ్ల కనుసన్నల్లో చిట్టి కుండలో అన్నం వండేవారు. తాటాకుతో చేసిన పెళ్లికొడుకు, పెళ్లికూతురు బొమ్మలకు పెళ్లి చేస్తే ఈ వంటే విందు. బొమ్మలకు పెట్టాక పిల్లలు పంచుకు తినేవారు.

ఈ ఆట ఎక్కువగా ఆడపిల్లలదే. చిన్న వయసులోనే పెళ్లిచేసి అత్తవారింటికి పంపే రోజుల్లో ఇంటిపని నేర్చుకోవడానికి ఇది తొలిమెట్టు అయింది. 1929 నాటి శారదా చట్టం ఆడపిల్లల కనీస పెళ్లి వయసును 14 ఏళ్లుగా నిర్ణయించిందంటే, అంతకుముందు ఆట వయసుకూ కాపురం వయసుకూ మధ్య ఎంత తక్కువ ఎడం ఉండేదో తెలుస్తుంది.

ఆట పాత్రల తయారీ కూడా ఒక వృత్తిగా నిలబడింది. కుమ్మరులు పెద్ద కుండలతో పాటు చిట్టి కుండలు, మూకుళ్లు చేసి సంతలకు, తిరనాళ్లకు తెచ్చేవారు. కలిగినవారి ఇళ్లలో ఇత్తడి సామాను ఉండేది. వీటన్నిటిలో పేరుపడినవి లక్కపిడతలు. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక ఈ పనికి పేరెన్నికగన్న ఊరు.

లక్కపిడతకు అంకుడు కర్ర వాడతారు. అది మెత్తగా, లేత రంగులో ఉండి ఉలికి సులువుగా లొంగుతుంది. బాగా ఆరిన ముక్కను తరిణెకు బిగించి, గిర్రున తిరుగుతుండగా ఉలితో ఆకారం తీస్తారు. ఒకప్పుడు తరిణెను చేత్తోనే తిప్పేవారు. తర్వాత కరెంటు మోటార్లు వచ్చాయి. ఆకారం కుదిరాక రంగు కలిపిన లక్క కడ్డీని తిరిగే కర్రకు ఆనిస్తారు. రాపిడికి పుట్టిన వేడితో లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. దాని మీద మొగలి ఆకు అదిమితే పూత సమంగా పరుచుకుని నిగనిగలాడుతుంది. కుంచెతో పనే ఉండదు.

పొయ్యి, బిందె, గిన్నె, గరిటె, రోలు, రోకలి, తిరగలి, కవ్వం అన్నీ కలిస్తే ఒక సెట్టు. కర్ర కాలుతుంది, లక్క కరుగుతుంది కాబట్టి వీటిని నిప్పు మీద పెట్టరు. అందుకే ఇవి ఉత్తుత్తి వంటకూ, సంక్రాంతికో దసరాకో పెట్టే బొమ్మల కొలువుకూ పరిమితమయ్యాయి. నిజం వంటకు మట్టి పిడతలో, ఇత్తడి గిన్నెలో కావలసిందే.

20వ శతాబ్దం రెండో సగంలో ప్లాస్టిక్ వంటసామాను సెట్లు చవకగా వచ్చిపడ్డాయి. వాటిలో కట్టెలపొయ్యి స్థానంలో గ్యాస్ స్టవ్, కుండ స్థానంలో కుక్కర్ చేరాయి. మరోవైపు లక్కలో కలిపే రంగులు రసాయనాలయ్యాయి. పిల్లలు బొమ్మలు నోట్లో పెట్టుకుంటారు కనుక ఆ రంగుల్లోని విషపదార్థాలు ఆందోళన కలిగించాయి. ఏటికొప్పాకకు చెందిన సి.వి. రాజు పసుపు, నీలి, జాఫ్రా గింజల వంటి మొక్కల రంగులను మళ్లీ వాడుకలోకి తెచ్చారు. పిల్లలకు హానిలేని బొమ్మలుగా వీటికి విదేశాల్లోనూ కొనుగోలుదారులు దొరికారు. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు, రాజుకు 2023లో పద్మశ్రీ దక్కాయి. 2025 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం ఈ బొమ్మలతోనే సాగింది.

ఇప్పుడు వృత్తికి ఉన్న ప్రధాన సమస్య కర్ర. చుట్టుపక్కల అడవుల్లో అంకుడు తగ్గిపోయింది. చెట్లు కొత్తగా పెంచితే తప్ప తరిణెలకు పని దొరకడం కష్టం.