పిల్లలు పన్నెండు, లెక్కకు తల్లి ఒకటే

ఎలుక గర్భం సుమారు ఇరవై రెండు రోజులు. మందులు, పురుగుమందులు గర్భానికి హాని చేస్తాయా అని పరీక్షించే ల్యాబుల్లో కాన్పుకు ఒక రోజు ముందే తల్లిని కోసి చూస్తారు. గర్భసంచి రెండు కొమ్ములుగా ఉంటుంది. రెండింట్లో కలిపి పదో పన్నెండో పిల్లలు వరసగా పేర్చినట్టు కనిపిస్తాయి. ప్రతి పిల్లనూ తూస్తారు, అంగిలి చూస్తారు. కొన్నింటిని క్షారంలో నానబెట్టి అలిజరిన్ రంగు పట్టిస్తారు. కండ గాజులా మారి, ఎముకలు ఎర్రగా పైకి తేలతాయి. పక్కటెముక ఒకటి ఎక్కువున్నా, వెన్నుపూస గట్టిపడకపోయినా ఇట్టే తెలిసిపోతుంది.

ఇంత శ్రమపడి ఇరవై తల్లుల దగ్గర 240 పిల్లల్ని పరీక్షించినవాళ్లు తమ చేతిలో 240 సాక్ష్యాలున్నాయనుకోవడం సహజమే. చిక్కంతా అక్కడే వచ్చింది.

మందు పడింది తల్లికి. తల్లి మేత మానేస్తే ఆ ఈత పిల్లలన్నీ తేలికగా పుడతాయి. తల్లి రక్తం, జన్యువులు, జబ్బు అన్నిటికీ ఉమ్మడి. అలాగని ఒకే ఈత పిల్లలు అచ్చుగుద్దినట్టూ ఉండవు. రెండు మగపిల్లల నడుమ పెరిగిన ఆడ చుండెలుక పిల్లకు వాటి టెస్టోస్టిరాన్ సోకుతుందనీ, పెద్దయ్యాక దాని నడవడిలో ఆ తేడా కనిపిస్తుందనీ 1970ల చివర్లో ఫ్రెడరిక్ వామ్ సాల్ చూపించాడు. తల్లికీ తల్లికీ మధ్య ఒక తేడా, ఒకే కడుపులో మరో తేడా ఉన్నాయన్నమాట. ఈ రెంటినీ విడదీయకుండా మందు ప్రభావం ఎంతో చెప్పలేం.

ఈ పరీక్షలకు ఊపు తెచ్చింది థాలిడోమైడ్ విషాదం. 1957లో పశ్చిమ జర్మనీలో అమ్మకానికొచ్చిన ఆ నిద్రమందును 1961 నవంబరులో అక్కడ వెనక్కి తీసుకున్నారు. దానివల్ల ప్రపంచమంతటా సుమారు పదివేల మంది పసివాళ్లు అంగవైకల్యాలతో పుట్టారు. 1966లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ గర్భపరీక్షలకు మార్గదర్శకాలిచ్చింది. ల్యాబుల్లో పిల్లల పట్టికలు గుట్టలుగా పోగుపడ్డాయి. వాటిని ఎలా లెక్కగట్టాలన్న ప్రశ్న మాత్రం తేలలేదు.

1970లో కారల్ వైల్ ఆ ప్రశ్నను సూటిగా ఎత్తుకున్నాడు: మందు ఎవరికిచ్చామో వాళ్లనే లెక్కించాలి, అంటే తల్లిని. పొలం ప్రయోగాల్లో ఇది పాత నీతే. ఎరువు మడికి వేసినప్పుడు కంకులు లెక్కపెట్టి అన్ని ప్రయోగాలు చేశామనరు కదా. 1975లో జోసెఫ్ హేస్‌మన్, మైఖేల్ హోగన్‌లు కూడా ఈతనే ప్రమాణంగా తీసుకోవాలని వాదించారు.

ఈత సగటు తీసుకుంటే సరిపోతుందా? మూడు పిల్లల ఈతకూ, పద్నాలుగు పిల్లల ఈతకూ ఒకే విలువ ఇస్తే ఉన్న సమాచారాన్ని పారేసినట్టే. అదే 1975లో గణాంకవేత్త డి.ఎ. విలియమ్స్ దీనికి మంచి దారి చూపాడు. వైకల్యం కలిగే అవకాశం ఒక్కో తల్లికి ఒక్కోలా ఉంటుందని ఒప్పుకుని, ఆ అవకాశానికే ఒక బీటా పంపిణీ (0కీ 1కీ మధ్య విలువలు ఎలా చెదిరి ఉంటాయో చెప్పే సూత్రం) ఇచ్చాడు. పనిముట్టు కొత్తదేం కాదు, అలా వచ్చే బీటా-బైనామియల్ పంపిణీని గణాంకవేత్త స్కెల్లమ్ 1948లోనే రాసిపెట్టాడు.

నాకు ఈ చరిత్రలో అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం 1992ది. ఏలూరులో పుట్టి కెనడాలో స్థిరపడిన జె.ఎన్.కె. రావు శాంపిల్ సర్వేల్లో మహాపండితుడు. ఒకే ఊళ్లోని ఇళ్లు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి కాబట్టి, వంద ఇళ్లు అడిగినా వంద వేర్వేరు జవాబులు రావని సర్వేలవాళ్లకు తెలుసు. రావు, ఎలస్టర్ స్కాట్‌తో కలిసి ఆ జ్ఞానాన్ని ఎలుకల ఈతల మీదికి తెచ్చాడు. పిల్లల సంఖ్యను పోలికకు తగినట్టు కుదించి, ఆపైన మామూలు గణాంక పరీక్షలే చేసుకోమన్నాడు. ఈతకు పన్నెండు పిల్లలు, వాటి మధ్య పోలిక (ఏమీ లేకపోతే 0, అచ్చం ఒకేలా ఉంటే 1) 0.3 అనుకోండి. ఒక పిల్లకు 1, తక్కిన పదకొండింటికి 0.3 చొప్పున కలిపితే 4.3. మన 240 పిల్లల్ని దాంతో భాగిస్తే మిగిలేది 56. అదే పోలికతో ఒక తల్లి వంద పిల్లల్ని కన్నా, అవి మూడున్నర పిల్లలపాటి సమాచారం కూడా ఇవ్వవు.

నేడు అభివృద్ధి చెందిన దేశాల సంస్థ ఓఈసీడీ 414వ మార్గదర్శకం ఈతనే ప్రమాణంగా తీసుకోమంటుంది, ఒక్కో గుంపుకు సుమారు ఇరవై గర్భిణి ఎలుకలు కావాలంటుంది. మందులు, రసాయనాల అనుమతికి వెళ్లే పరీక్షల్లో ఈ పద్ధతి కుదురుకుంది. విశ్వవిద్యాలయ పరిశోధనల్లో మాత్రం అంతగా పాకలేదు. వాల్‌ప్రోయిక్ ఆమ్లం అనే మూర్ఛమందుతో ఎలుకల్లో ఆటిజం నమూనా తయారుచేసిన 34 అధ్యయనాలను 2013లో పరిశోధకులు లాజిక్, ఎస్సియు తిరగేశారు. ఈతే ప్రమాణమని సరిగా గుర్తించినవి మూడే. అలాంటి ఫలితాల్ని నమ్మి మరో ల్యాబు మరిన్ని ఎలుకల్ని చంపడం నాకు అన్యాయంగానే తోస్తుంది. అదే ఖర్చుతో తల్లుల సంఖ్య పెంచి, ఒక్కోదాని నుంచి తక్కువ పిల్లల్ని తీసుకుంటే జవాబు గట్టిగా వస్తుంది. ప్రయోగం మొదలుకాకముందే, జంతు ప్రయోగాల నైతిక సంఘాలు ప్రణాళికలో తల్లులెన్ని అని అడిగితే సగం తప్పులు అక్కడే ఆగుతాయి.