మనవారు యీ నేలను ఎరిగి వచ్చారా?

టిక్కెట్ల కిటికీ దగ్గర కొత్త ప్రయాణీకులు నన్ను అడిగేవి మూడే ప్రశ్నలు: బండి ఎప్పుడు, ఎక్కడ మారవలె, దిగినచోట బస దొరుకుతుందా అని. మధుర స్టేషను ఎదుట వున్న మంగమ్మ సత్రాన్ని చూచినప్పుడల్లా, యీ మూడో ప్రశ్నకు మూడు వందల ఏండ్ల కిందటే వొకరు జవాబు కట్టించి పెట్టారు గదా అనిపిస్తుంది. మనుమడు పసివాడు కాగా 1689 నుంచి 1706 వరకు రాజ్యం నడిపిన రాణీ మంగమ్మ బాటలు వేయించింది, సత్రాలు కట్టించింది.

యీ సంగతి ఇప్పుడెందుకంటే, గత ఏడు మా పెద్దమ్మ కొడుకు వొక ఏజెంటు మాట నమ్మి, భార్య నగలు తాకట్టుపెట్టి, విదేశంలో ఉద్యోగానికి వెళ్లాడు. దేశం పేరు తెలుసుకున్నాడేగాని, దిగబోయే వూరి పేరైనా అడగలేదు. నాలుగు నెలలకు తిరిగివచ్చాడు. నేను మందలించబోతే పెద్దమ్మ అడ్డుపడి, “మన తాతలు మాత్రం ఏం తెలిసి ఇంతదూరం వచ్చారు నాయనా?” అన్నది. అప్పుడు జవాబు తోచలేదు. తరువాత చరిత్ర పుస్తకాలు తిరగవేశాను.

పెద్దమ్మ మాట సగమే నిజం. విజయనగర రాజకుమారుడు కంపరాయలు 1371 ప్రాంతంలో మధుర సుల్తానులను ఓడించాడు. ఆయన భార్య గంగాదేవి ఆ దండయాత్రను సంస్కృతంలో కావ్యంగా రచించింది. దండు వెళ్లిన దారి జనానికి తెలుస్తుంది. ఏ ఏరు ఎక్కడ దాటవలె, ఏ వూళ్లో బావి వున్నది, ఎక్కడ పశువుకు మేత దొరుకుతుంది అనే సమాచారం సిపాయి ఇంటికి తెస్తాడు. శ్రీరంగం, రామేశ్వరం చూచివచ్చిన యాత్రికుడూ తెస్తాడు. 1529 ప్రాంతంలో విశ్వనాథనాయకుడు మధురలో రాజ్యం స్థాపించేనాటికి యీ దారులు కొత్తవి కావు.

అయినా విశ్వనాథుడు తనకంతా తెలుసుననుకోలేదు. ఆయన దళవాయి అరియనాథ మొదలియారు తొండమండలపు తమిళుడు. దేశాన్ని 72 పాళెములుగా విభజించడంలో ఆయన ఆలోచనే ముఖ్యమంటారు. పాళెగాళ్లలో మనవారే కాదు, మరవర్లు, కన్నడిగులు కూడా వున్నారు. వేయికాళ్ల మండపం వాకిట గుర్రంమీద వున్న విగ్రహం అరియనాథునిదేనని చెబుతారు. పరాయి నేలమీద రాజ్యం చేయవచ్చినవాడు ఆ నేల మనిషిని పక్కన కూర్చోబెట్టుకున్నాడన్నమాట!

రాజుల కథకంటే రైతుల కథ నాకు ఎక్కువ నచ్చింది. వైగై, తామ్రపర్ణి తీరాల మాగాణి అప్పటికే నిండిపోయి వున్నది. మనవారు దానికోసం పోటీపడలేదు. కోవిల్‌పట్టి, సాత్తూరు, విరుదునగరం వైపు విస్తరించిన మెట్టను చూచారు. తమిళులు కరిసల్ అనే ఆ మట్టి, మనవారు ఇంటిదగ్గర దున్నిన నల్లరేగడే! పదును ఎంతసేపు నిలుస్తుందో, ఎండితే ఎట్లా బీటలు వారుతుందో, పత్తి, జొన్న, సజ్జలలో ఏది ఎప్పుడు వేయవలెనో వారికి తెలుసు. కాని ఇక్కడ నేర్చుకోవలసిందీ వున్నది. జూనులో తొలకరి చూచి అలవాటైనవారికి, ఇక్కడ పెద్దవానలు అక్టోబరు, నవంబరు నెలల్లో పడతాయని పొరుగు తమిళ రైతే చెప్పి వుండాలి. మట్టి పాతది, పంచాంగం కొత్తది.

కోయంబత్తూరు వైపు కనుమల చాటున వాన తక్కువ. అక్కడ బావే దిక్కు. మనవారి కపిలను ఇక్కడ కవలై అంటారు. ఎద్దులు తోలు సంచితో తోడిన నీటితోనే పత్తి పెరిగింది. 1862లో రైలు పోదనూరు దాటి మలబారు తీరం చేరింది. 1888లో కోయంబత్తూరులో స్టేన్సు మిల్లు లేచింది. పత్తి పండించేవారు మిల్లు పెట్టడానికి ఇంకా ఇరవై ఏండ్లు పట్టింది. కుప్పుస్వామినాయుడుగారి లక్ష్మీ మిల్లు 1910 నాటిది. కలంగల్ గ్రామంలో 1893లో పుట్టిన జి.డి. నాయుడుగారు ఐరోపా వెళ్లి యంత్రాలు చూచివచ్చారు. 1937లో ఎలక్ట్రిక్ మోటారు తయారుచేయించారు.

తెలిసి వెళ్లినా తప్పనివి కొన్ని వున్నవి. రంగూనులో మనవారికి రేవు, కూలిరేటు, ఓడ రోజులు అన్నీ క్షుణ్ణంగా తెలుసు. 1941 డిసెంబరులో బాంబులు పడ్డాక 1942లో వేలాదిమంది అడవులగుండా నడిచి రావలసివచ్చింది. చాలామంది దారిలోనే పోయారు. దీనికి మాత్రం పెద్దమ్మ దగ్గర నేను నోరెత్తను.

మొన్న వాడు మళ్లీ విదేశం వెళతానన్నాడు. యీసారి అక్కడ పనిచేసే సాత్తూరు మనిషి నంబరు సంపాదించి, జీతం ఎంత, అద్దె ఎంత, ఎవరి దగ్గర పని, వొప్పందంలో ఏమి రాశారు అని గంటసేపు అడిగాడు. పక్కనే కూర్చున్న పెద్దమ్మ, “మట్టి ఎట్లా వుంటుందో కూడా అడగరా” అన్నది. వాడు వెళ్లేది హోటలు పనికి. అయినా అడిగాడు.